నకిలీ సరుకు అన్నారు: మూడు ఫిర్యాదులు, 63 రోజులు - నా అనుభవం

మార్చి 3 రాత్రి 11:40కి, నేను సరుకు అమ్మే అమెరికా ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ నుంచి మెసేజ్ వచ్చింది. మీరు అమ్ముతున్న వస్తువు నకిలీదని హక్కుదారు ఫిర్యాదు చేశారు, లిస్టింగ్ (అమ్మకపు పేజీ) తీసేశాం అని రెండే ముక్కలు. కింద ఫిర్యాదు నంబరు, లిస్టింగ్ కోడ్, ఒక ఈమెయిల్ చిరునామా. వస్తువు పేరున్న బ్రాండు స్టీలు ఫ్లాస్కు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పెట్టెల లెక్కన కొని ఆన్‌లైన్‌లో విడిగా అమ్ముతాను. అప్పటికి 112 అమ్ముడయ్యాయి, ఆ మార్కెట్‌ప్లేస్ గోదాంలో ఇంకో 37 ఉన్నాయి. కొన్నవాళ్లలో ఒక్కరూ నకిలీ అనలేదు. ఆ మాట చదివాక నిద్ర పట్టలేదు. దొంగ అని మొహం మీదే అన్నట్టుంది.

ఆ రాత్రి చేయబోయి ఆగిన పని ఒకటుంది: లిస్టింగ్ డిలీట్ చేయడం. వస్తువే లేకపోతే గొడవే ఉండదనిపిస్తుంది. నిజానికి డిలీట్ చేసినా ఫిర్యాదు ఖాతా రికార్డులో అలాగే ఉంటుంది, మన దగ్గరున్న ఆధారం మాత్రం పోతుంది. అందుకని ముందు స్క్రీన్‌షాట్లు తీశాను: లిస్టింగ్ పేజీ, ఫొటోలు, అందులోని వివరణ, అమ్మకాల రిపోర్టు, వాపసుల రిపోర్టు, కస్టమర్ల మెసేజ్‌లు. గంట పట్టింది. తర్వాత ప్రతి మలుపులోనూ వాటిలో ఏదో ఒకటి పనికొచ్చింది.

ఆగలేక చేసిన తప్పు ఇంకోటి. తెల్లారగానే అప్పీల్ బటన్ నొక్కి, చేతికందిన రెండు కాగితాలు జతచేసి, "సరుకు అసలైనదే" అని రాసి పంపేశాను. 26 గంటల్లో తిప్పికొట్టారు. పత్రాలు సరిపోలేదన్నారు. ఏది సరిపోలేదో చెప్పలేదు, చెప్పరు కూడా.

అప్పుడు ఆ కాగితాలను నేనెవరో, ఆ ఫ్లాస్కు ఏమిటో తెలియని మనిషి చదివినట్టు చదివాను. తప్పులు ఒకటి కాదు. ఇన్‌వాయిస్‌లో నా దుకాణం పేరుంది, ఖాతా మాత్రం నా సొంత పేరు మీద ఉంది. చిరునామా పాతది. వస్తువు వరుసలో డిస్ట్రిబ్యూటర్ సొంత కోడు, పక్కన "ఫ్లాస్క్ 750 బ్లాక్" అని మాత్రమే ఉంది. బ్రాండు పేరు లేదు, బార్‌కోడ్ నంబరు లేదు. అది ఏ ఫ్లాస్కయినా కావచ్చు. రెండో కాగితమయితే అసలు ఇన్‌వాయిసే కాదు, ప్రొఫార్మా. అంటే కొనకముందు ఇచ్చే ధరల చీటీ. దానితో కొన్నట్టు రుజువు కాదు. ఆర్డర్ కన్ఫర్మేషన్, ప్యాకింగ్ స్లిప్, డెలివరీ చలానాలదీ అదే సంగతి. నేను నిజంగా కొన్నానని నాకు తెలుసు కాబట్టి కాగితంలో లేనివి కూడా ఉన్నట్టే చదువుకున్నాను.

ఇక్కడ చాలామంది జారేది పీడీఎఫ్ తెరిచి పేరు సరిదిద్దడం దగ్గర. ఆ పని చేయొద్దు. అసలు కొనుగోలే అయినా, ఒక్క అక్షరం మార్చినట్టు తేలితే అది ఫోర్జరీ, ఖాతా శాశ్వతంగా పోవచ్చు. ఇన్‌వాయిస్‌ను ముట్టుకోకుండా పక్కన కాగితాలు పెట్టాలి. నేను పెట్టినవి ఇవి: దుకాణం పేరు, నా పేరు రెండూ ఉన్న వ్యాపార రిజిస్ట్రేషన్ పత్రం, చిరునామా మారిన తేదీ తెలిపే పత్రం, డిస్ట్రిబ్యూటర్ లెటర్‌హెడ్ మీద సంతకంతో "మా ఫలానా కోడు ఫలానా బ్రాండు, ఫలానా మోడల్, ఫలానా బార్‌కోడ్ వస్తువుదే" అన్న ఒక పేజీ ఉత్తరం, ప్రొఫార్మా బదులు అసలు ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపులు కనబడే పేజీలు. ఉత్తరం కోసం డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు మూడు రోజులు ఫోన్లు చేయాల్సి వచ్చింది. "ఎందుకండీ, ఇన్‌వాయిస్ ఇచ్చాంగా" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఆ ఇన్‌వాయిస్ చాలు.

తర్వాత లెక్క. కొన్నవి, అమ్మినవి, ఉన్నవి కలవాలి. మొదటి ఇన్‌వాయిస్ 96, రెండోది 60, మొత్తం 156. అమ్మినవి 112, గోదాంలో 37, దెబ్బతిని పారేసినవి 4, నమూనాకు నా దగ్గర ఉంచుకున్నవి 3. అవీ 156. చిక్కేమిటంటే మార్కెట్‌ప్లేస్ అడిగేది గత 365 రోజుల ఇన్‌వాయిస్‌లు, నా మొదటిది 14 నెలల కిందటిది. గత 365 రోజుల్లో అమ్మినవి 71, ఆ కాలంలో కొన్నవి 60. రెండో ఇన్‌వాయిస్ ఒక్కటే పెడితే కొన్నవాటికంటే 11 ఎక్కువ అమ్మినట్టు కనిపిస్తుంది. ఆ పదకొండూ ఎక్కడివన్న అనుమానం చాలు, నకిలీ అన్న ముద్ర గట్టిపడటానికి. అందుకే రెండూ పెట్టి, మొదటి సరుకులో 365 రోజులకు ముందు 41 పోయాయి, మిగిలినవి తర్వాత అమ్మాను అని పై లెక్కంతా అరపేజీలో రాశాను.

అప్పీల్ ఫారంలో మూడు గళ్లుంటాయి: సమస్యకు మూలం ఏమిటి, ఏం సరిదిద్దారు, మళ్లీ రాకుండా ఏం చేస్తారు. త్వరగా తేల్చేసుకుందామని చాలామంది మొదటి గడిలో "తప్పయింది, ఇకమీదట చేయను" అని రాసేస్తారు. సరుకు అసలైనదయితే అలా రాయకూడదు. నకిలీ అమ్మానని మీరే ఒప్పుకున్న కాగితం అది, రేపు బ్రాండు వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామన్నా అడ్డొస్తుంది. నేను రాసింది ఇది. మూలం: ఇన్‌వాయిస్‌లో బార్‌కోడ్ లేక వస్తువును గుర్తించలేకపోవడం. దిద్దుబాటు: డిస్ట్రిబ్యూటర్ ధ్రువీకరణ జతచేయడం. ముందుజాగ్రత్త: ఇకపై బార్‌కోడ్ లేని ఇన్‌వాయిస్ సరుకు లిస్ట్ చేయకపోవడం. మార్చి 8న పంపాను.

దీనికి సమాంతరంగా అసలు పని జరగాల్సింది ఫిర్యాదులో ఉన్న ఈమెయిల్ చిరునామాతో. ఇలాంటి ట్రేడ్‌మార్క్ (బ్రాండు పేరు, గుర్తు మీద హక్కు) ఫిర్యాదులో అన్నిటికంటే బలమైన మందు హక్కుదారే దాన్ని వెనక్కి తీసుకోవడం. మార్చి 5న రాసిన మొదటి మెయిల్ ఇది: "మీ ఫిర్యాదు నంబరు ఫలానా. ఈ వస్తువును డిస్ట్రిబ్యూటర్ నుంచి కొన్నాను, ఇన్‌వాయిస్ జతచేశాను. మీకు నకిలీ అనిపించిన కారణం తెలిపితే ఆ ప్రశ్నకు నేరుగా జవాబిస్తాను." అంతే. ముందు రాసుకున్న చిత్తులో కోర్టు, పరువునష్టం అన్నీ ఉన్నాయి, పంపకముందే తీసేశాను. బెదిరించిన మెయిల్ నేరుగా లాయర్ల బల్ల మీదికి పోతుంది, జవాబివ్వగలిగిన ఉద్యోగి చేయిదాటిపోతుంది. ఒక జాగ్రత్త: ఇన్‌వాయిస్‌లో ధరలు నలుపు చేసి పంపాను. డిస్ట్రిబ్యూటర్ పేరు కూడా దాచాలా అని చాలాసేపు తటపటాయించాను. దాచితే నమ్మరు, చూపిస్తే బ్రాండు వెళ్లి అతని సరఫరాయే ఆపేయొచ్చు. చివరికి అతన్నే అడిగాను. పంపమన్నాడు. అడక్కుండా పంపి ఉంటే మాత్రం బాగుండేది కాదు.

ఐదు రోజులు ఉలుకూ పలుకూ లేదు. 10న మళ్లీ రాశాను. 11న జవాబు. రాసింది బ్రాండు కాదు, బ్రాండు తరఫున ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను జల్లెడ పట్టే ఏజెన్సీ. "మీరు మా అధీకృత విక్రేతల జాబితాలో లేరు" అని ఉంది. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. అందులో నకిలీ అన్న మాటే లేదు! అధీకృతం కాకపోవడం వేరు, నకిలీ కావడం వేరు. వెంటనే ఒకే ప్రశ్న అడిగాను: మీరు నా దగ్గర పరీక్ష కోసం వస్తువు కొన్నారా, కొంటే ఆర్డర్ నంబరు ఎంత? కొనలేదని మర్నాడు ఒప్పుకున్నారు. ఈ ప్రశ్న మొదటి మెయిల్‌లోనే అడిగి ఉంటే వారం కలిసొచ్చేది.

ఆ తర్వాత వాళ్ల స్వరం మారింది. ఫొటోలు అడిగారు: ఫ్లాస్కు అడుగున చెక్కిన లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది), మూత లోపలి అచ్చు గుర్తు, పెట్టె నాలుగు పక్కలు, బార్‌కోడ్. నమూనాకు ఉంచుకున్న ఆ 3 లేకపోతే గోదాం నుంచి సరుకు వెనక్కి రప్పించి, వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి కొనుగోలు నుంచీ కనీసం ఒకటి తీసి, ఇన్‌వాయిస్ నంబరు రాసి, సీలు విప్పకుండా అటకెక్కిస్తున్నాను. లాట్ నంబరు చెరిపేసిన సరుకు చవగ్గా దొరుకుతుంది. దాని జోలికి పోవద్దు. నంబరు లేకపోతే ఈ దశలో చూపించడానికేమీ ఉండదు, పైగా నంబరు చెరపడమే వస్తువు మారిందనడానికి వాళ్లకు సాకు.

ఈ మధ్యలో మార్చి 12న రెండో దెబ్బ. వంటింటి తూకం యంత్రం లిస్టింగ్ మీద కాపీరైట్ ఫిర్యాదు. కంగారుగా చూశాను. ఫొటోలు ఒరిజినల్ తయారీదారువి, సరఫరాదారు పంపిన క్యాటలాగ్‌లోంచి తీసి పెట్టినవి. సరఫరాదారు "వాడుకోండి" అన్నాడు నిజమే, కానీ అతనిది కాని ఫొటోకు అతను అనుమతి ఎలా ఇస్తాడు? వస్తువు కొన్నాక తిరిగి అమ్ముకునే హక్కు మనదే, దాని ఫొటో, వివరణ మాత్రం మనవి కావు. ఫిర్యాదు నిజం. వాదించలేదు. అదే సాయంత్రం ఫొటోలు తీసేసి, తెల్ల చార్టు మీద నేనే 7 తీసి పెట్టి, తీసేశానని హక్కుదారుకు రాశాను. లిస్టింగ్ మూడు రోజుల్లో వచ్చింది. ఫిర్యాదు మాత్రం రికార్డులో 180 రోజులు, అంటే సెప్టెంబర్ 8 దాకా ఉంటుంది.

మార్చి 17న ఫ్లాస్కు మీద పంపిన రెండో అప్పీల్‌కు మార్కెట్‌ప్లేస్ నుంచి జవాబు: సరఫరాదారును ధ్రువీకరించుకోలేకపోయాం. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, వాళ్లు ఇన్‌వాయిస్ మీది నంబరుకు ఫోన్ చేశారు. ఎత్తింది కౌంటరు కుర్రాడు. నా పేరు చెబితే "అలాంటి వాళ్లెవరూ తెలీదండీ" అన్నాడట. వాడికెలా తెలుస్తుంది, వాళ్ల పుస్తకాల్లో నేను దుకాణం పేరుతో ఉన్నాను. అప్పీల్ పంపే ముందే సరఫరాదారుకు చెప్పి ఉంచాల్సిన విషయం: ఎవరు ఫోన్ చేస్తారు, ఏ పేరు అడుగుతారు, ఎవరు మాట్లాడాలి. 14 నెలలుగా పోగేసిన కాగితాలన్నీ ఒక్క ఫోన్ కాల్ దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

మార్చి 19న ఏజెన్సీ నుంచి శుభవార్తే, కొసరుతో. లాట్ నంబర్లు సరిపోయాయి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం, జతచేసిన ఒప్పందం మీద సంతకం చేసి పంపండి. ఒక పేజీన్నర ఉంది. సంతకం పెట్టేయబుద్ధేసింది. లాయర్‌కు గంట ఫీజు కట్టి చూపించాను, మొత్తం వ్యవహారంలో దండగ కాని ఖర్చు అదొక్కటే అనుకుంటాను. మూడు వాక్యాల కింద ఆయన గీత గీశారు. "నేను అమ్మిన సరుకు నకిలీదని అంగీకరిస్తున్నాను" అన్నది ఒకటి. ఈ బ్రాండే కాక, ఆ గ్రూపులోని ఏ బ్రాండునూ ఎప్పటికీ అమ్మను అన్నది రెండు. ఉల్లంఘిస్తే వస్తువుకు ఇంత చొప్పున నష్టపరిహారం అన్నది మూడు. ఈ మూడూ కొట్టేసి, బదులుగా రెండు మాటలు రాశాం: ఉన్న 37 అమ్ముకున్నాక ఈ బ్రాండు కొత్తగా తెప్పించను, లిస్టింగ్‌లో తయారీదారు వారంటీ ఉందని చెప్పను.

ఆ వారంటీ మాట దగ్గర బ్రాండు వాదనలో పస ఉంది, ఒప్పుకోవాలి. అసలు సరుకును తిరిగి అమ్ముకోవచ్చన్న సూత్రానికి అమెరికా ట్రేడ్‌మార్క్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. మనం అమ్మేదానికీ బ్రాండు అమ్మేదానికీ కొనేవాడు పట్టించుకునే తేడా ఉండకూడదు. వారంటీ అధీకృత విక్రేత దగ్గర కొంటేనే వర్తిస్తుందని బ్రాండు నియమం పెట్టుకుంటే, నా ఫ్లాస్కు అసలైనదే అయినా వారంటీ లేనిదవుతుంది. పేజీలో మాత్రం వారంటీ ఉందని రాసి ఉంది. ఆ పేజీ నేను రాసింది కాదు, నలుగురు అమ్మేవాళ్లు పంచుకునే ఉమ్మడి పేజీ. కానీ దాని కింద అమ్ముతున్నంతకాలం అందులోని మాటలు నావే అన్నట్టు లెక్క.

21న పంపాం, 24న ఒప్పుకున్నారు. 25న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు మెయిల్ పంపామన్నారు. పండగే అనుకున్నాను. మూడు రోజులు గడిచినా కదలిక లేదు. 28న అడిగితే, అలాంటి మెయిల్ మాకు అందలేదని మార్కెట్‌ప్లేస్ అంది. చివరికి తేలింది: ఫిర్యాదు పెట్టింది ఒక ఉద్యోగి చిరునామా నుంచి, వెనక్కి తీసుకున్నది ఇంకొకరి చిరునామా నుంచి. పైగా ఫిర్యాదు నంబరే రాయలేదు. ఇది మామూలుగా జరిగేదే, కాబట్టి మెయిల్ మీరే రాసిపెట్టండి. ఫిర్యాదు నంబరు, లిస్టింగ్ కోడ్, మీ అమ్మకందారు పేరు, "ఈ ఫిర్యాదును పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాం" అన్న ఒక్క వాక్యం రాసి, ఫిర్యాదు పెట్టిన చిరునామా నుంచే పంపమని, మీకూ కాపీ పెట్టమని అడగండి. 31న అలా పంపారు. ఏప్రిల్ 2న లిస్టింగ్ తిరిగొచ్చింది, 5న రికార్డులోంచి మచ్చ తీసేశారు. మొదటి మెసేజ్ నుంచి లిస్టింగ్ రావడానికి సరిగ్గా 30 రోజులు.

ఆ నెల రోజులూ 37 ఫ్లాస్కులకు గోదాం అద్దె పడుతూనే ఉంది. ఆ అద్దె, లాయర్ ఫీజు కలిపితే ఈ ఫ్లాస్కు మీద నాకు నాలుగు నెలల్లో మిగిలేదంతా పోయింది. తిరిగొచ్చిన లిస్టింగ్ కూడా వెతుకులాటలో ఎక్కడో అడుగున ఉంది.

ఇక మూడోది. ఏప్రిల్ 14న ఇంకో లిస్టింగ్ మీద కాపీరైట్ ఫిర్యాదు: పెట్టినది అదే వస్తువు అమ్మే పోటీదారు, తన ఫొటో నేను దొంగిలించానని. ఆ ఫొటో నా బల్ల మీద నేను తీసింది, ఓ మూల నా బల్ల గీత కూడా కనిపిస్తుంది. కోపం ఈసారి పనికొచ్చింది, ఎందుకంటే ట్రేడ్‌మార్క్‌కు లేని ఆయుధం కాపీరైట్‌కు ఉంది. ఈ మార్కెట్‌ప్లేస్ అమెరికాది. 1998 నాటి డీఎంసీఏ (అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం) ప్రకారం కౌంటర్ నోటీసు, అంటే ఫిర్యాదు తప్పని ఎదురు నోటీసు, ఇవ్వొచ్చు. అందులో ఉండాల్సినవి: తీసేసినదేమిటి, అది ఏ లింకులో ఉండేది, పొరపాటున తీసేశారని నిజాయితీగా నమ్ముతున్నానన్న మాట, అదీ అబద్ధమయితే శిక్షకు సిద్ధమన్న ప్రమాణంతో, పేరు, చిరునామా, ఫోను, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని, ఫిర్యాదుదారు పంపే కోర్టు కాగితాలు అందుకుంటానని, సంతకం. 15న పంపిన నోటీసులో కోర్టు పరిధి వాక్యం మర్చిపోయాను, 17న తిప్పి పంపారు. అదే రోజు సరిదిద్ది పంపాను. ఒరిజినల్ ఫైలు, అదే పూట తీసి వాడకుండా వదిలేసిన పక్క ఫొటోలు కూడా జతచేశాను. వదిలేసిన ఫొటోలే గట్టి సాక్ష్యం, దొంగ దగ్గర అవి ఉండవు.

పంపేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నోటీసు కాపీ ఫిర్యాదుదారుకు వెళ్తుంది, మీ చిరునామా, ఫోను నంబరుతో సహా. ఇంటి చిరునామా ఇవ్వడం ఇష్టంలేక నేను వ్యాపార చిరునామా ఇచ్చాను. ఆ తర్వాత చట్టం ప్రకారం 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి, ఈలోపు వాళ్లు కోర్టుకు వెళ్తే తప్ప. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పన్నెండో పనిదినాన, మే 5న, లిస్టింగ్ వచ్చింది. పోటీదారు మళ్లీ మాట్లాడలేదు. దీన్ని చూసి ఫ్లాస్కు మీద కూడా కౌంటర్ నోటీసు ఇచ్చి ఉండాల్సిందేమో అని ఒక మిత్రుడు అడిగాడు. ట్రేడ్‌మార్క్‌కు అది చెల్లదు. ఇస్తే అందులో మీరు చేసిన ప్రమాణం మాత్రం మిగులుతుంది.

మే రెండో వారంలో డిస్ట్రిబ్యూటర్ కొత్త ఇన్‌వాయిస్ పంపాడు. ప్రతి వరుసలో బ్రాండు, మోడల్, బార్‌కోడ్, కొత్త చిరునామా, అన్నీ నేను అడిగినట్టే ఉన్నాయి. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. వెనక్కి పంపాను.